ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికిన విర్త్ పుస్తకం: చదవాలా, షెల్ఫ్‌లో పెట్టాలా?

చిక్కడపల్లి చదువరి | ఆదివారం, రాత్రి 9:12

పొద్దున ఆబిడ్స్‌లో ఫుట్‌పాత్ పుస్తకాలు తిరగేస్తుంటే గ్రూప్స్ గైడ్ల కట్ట కింద ఒక పాత పుస్తకం కనిపించింది. పేరు 'అల్గారిథమ్స్ + డేటా స్ట్రక్చర్స్ = ప్రోగ్రామ్స్'. రాసింది నిక్లౌస్ విర్త్, 1976. నూట యాభై చెప్పాడు, ఎనభైకి ఇచ్చాడు. నిజం చెప్పాలంటే, పేరే ఒక సమీకరణంలా ఉందని కొన్నాను.

బీటెక్ అయిపోయింది, అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు చేస్తున్నాను. ఇందులో ప్రోగ్రాములన్నీ పాస్కల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో ఉన్నాయి. నేను పాస్కల్ చూడటం ఇదే మొదటిసారి. 'ఎనభైకి మిర్చి బజ్జీలు తిన్నా పోయేది' అని రూమ్మేట్ ఏడిపిస్తున్నాడు.

అసలు నన్ను పట్టేసింది పుస్తకం కాదు, దాని పాత యజమాని. మార్జిన్లలో పెన్సిల్‌తో తెలుగులో రాసుకున్నాడు. చదరంగం బల్ల మీద ఎనిమిది రాణుల్ని ఒకదాన్నొకటి కొట్టుకోకుండా నిలబెట్టే లెక్క దగ్గర '92 వచ్చాయి. రాత్రి 2 గం.' అని ఉంది. ఇంకోచోట అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఎవరి ఇష్టాల జాబితా ప్రకారం వాళ్లకు జోడీ కుదిర్చే లెక్క ఉంది. దాని పక్కన 'కట్నం సంగతేంటి?' అని రాశాడు.

ఈ విర్త్ ఎవరు? ఇప్పుడు చదివితే పనికొస్తుందా?

ప్యాకేజీ పదహారు | ఆదివారం, రాత్రి 9:31

షెల్ఫ్‌లో పెట్టు తమ్ముడూ. ఇంకా మంచిది, అదే రేటుకు వాడికే తిరిగి అమ్మెయ్.

గచ్చిబౌలిలో పదకొండేళ్లుగా జావా రాస్తున్నాను, ఇంటర్వ్యూలు కూడా తీసుకుంటాను. రెజ్యూమెలో పాస్కల్ అని రాస్తే మా హెచ్‌ఆర్ 'అది ఫిజిక్స్‌లో పీడనం యూనిట్ కదా' అంటుంది. ముందు ఉద్యోగం చూసుకో. ప్రొఫెసర్లకేం, జీతం నెలనెలా పడుతుంది, భాషలు కనిపెట్టుకుంటూ కూర్చుంటారు.

పాత ఫ్లాపీ | ఆదివారం, రాత్రి 10:05

ఎనభై రూపాయలకు దొరికిందా! అదృష్టవంతుడివయ్యా.

1989లో మా కాలేజీ ల్యాబులో ఎనిమిది పీసీలు ఉండేవి. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. లోపల ఏసీ, గుళ్లోకి వెళ్లినట్టే ఉండేది. ఫ్లాపీ పెట్టి టర్బో పాస్కల్ లోడ్ చేసేవాళ్లం. ప్రోగ్రామ్ రాసుకునే ఎడిటరూ, దాన్ని మెషీన్ భాషలోకి మార్చే కంపైలరూ కలిపి ఒకే ఫైలు, మూడో వెర్షన్ 40 కేబీ కూడా లేదు. మళ్లీ చదవండి, కేబీ! మా మనవరాలు పంపే గుడ్ మార్నింగ్ ఫోటో దానికంటే పెద్దది.

పాస్కల్‌లో నేను పడ్డ పాట్లన్నీ సెమికోలన్‌తోనే. సీ, జావాల్లో అది వాక్యం చివర పెట్టే చుక్క లాంటిది. పాస్కల్‌లో మాత్రం రెండు వాక్యాల మధ్య గోడ. అందుకే 'ఎల్స్' ముందు పెడితే ఊరుకోదు. మా లెక్చరర్ బోర్డు మీద ఎర్ర చాక్‌పీసుతో 'ఎల్స్ ముందు సెమికోలన్ పెట్టినవాడు నా క్లాసుకు రావద్దు' అని రాశాడు. ఆ సాయంత్రం ల్యాబులో ఆయన ప్రోగ్రామే అదే ఎర్రర్‌తో ఆగింది. మేము చూడనట్టు నటించాం.

ఒక్క మాట. '92 రాత్రి 2 గం.' రాసింది నేను కాదు. మా హాస్టల్లో పదకొండుకే లైట్లు ఆర్పేసేవాళ్లు.

పీపీఎల్ మేడమ్ | ఆదివారం, రాత్రి 10:48

మా కాలేజీలో ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్ చెప్తాను. పిల్లలు ఐదేళ్ల పాత ప్రశ్నపత్రాలతో గట్టెక్కేసే సబ్జెక్టు అది. కాబట్టి ఎవరైనా ఈ ప్రశ్న తనంతట తానే అడిగితే నాకు పండగే. కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

విర్త్ స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో 1934లో పుట్టారు. అమెరికాలో బర్క్‌లీలో పీహెచ్‌డీ, స్టాన్‌ఫర్డ్‌లో కొన్నేళ్లు ఉద్యోగం. 1968 నుంచి 1999లో రిటైరయ్యేదాకా జ్యూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 2024 జనవరి 1న పోయారు. ఆయులర్, ఆల్గాల్-డబ్ల్యూ, పాస్కల్, మాడ్యులా-2, ఒబెరాన్ ఆయన చేసిన భాషలే. 1984లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది, కంప్యూటర్ సైన్స్‌లో అదే పెద్ద అవార్డు.

ప్యాకేజీ పదహారు గారూ, కూర్చుని కనిపెట్టారన్నారు కదా. పాస్కల్‌కి మొదటి కంపైలర్ ఒక విద్యార్థి ఫోర్‌ట్రాన్‌లో రాస్తే అది బాగా రాలేదు, పక్కన పడేశారు. అప్పుడు కంపైలర్‌ని పాస్కల్‌లోనే రాశారు. దాన్ని కంపైల్ చేయడానికి పాస్కల్ కంపైలర్ ఇంకా పుట్టలేదు మరి! అందుకని మొత్తం ప్రోగ్రామ్‌ని చేత్తో కింది స్థాయి భాషలోకి మార్చారు. ఒకసారి మెషీన్ మీద నడిచాక ఇక అది తనను తానే కంపైల్ చేసుకుంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. ప్రోగ్రామ్‌ని ఒకచోట నుంచి ఇంకోచోటికి దూకించే 'గోటూ' స్టేట్‌మెంట్ హానికరం అని డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లో ఒక పత్రికకు రాసిన ఉత్తరం గురించి వినే ఉంటారు. డైక్‌స్ట్రా పెట్టిన శీర్షిక చప్పగా ఉండేది, 'గోటూకి వ్యతిరేకంగా ఒక వాదన' అన్నట్టు. దాన్ని ఘాటుగా మార్చింది అప్పుడు ఆ పత్రికలో ఎడిటర్‌గా ఉన్న విర్తే. ఆ తర్వాత అది హానికరం, ఇది హానికరం అంటూ ఎన్ని వ్యాసాలు వచ్చాయో!

ఆయన పేరు మీద ఒక పాత జోకు ఉంది. యూరప్‌లో ఆయన్ని పేరుతో సరిగ్గా పిలుస్తారు. అమెరికాలో 'నికెల్స్ వర్త్' అంటారు, అంటే ఐదు సెంట్ల విలువ. అంటే యూరప్ వాళ్లది కాల్ బై నేమ్, అమెరికా వాళ్లది కాల్ బై వాల్యూ. ఫంక్షన్‌కి కావాల్సినవి లోపలికి పంపే రెండు పద్ధతుల పేర్లు అవి.

గేట్ గోల | ఆదివారం, రాత్రి 11:20

మేడమ్, జోకు అర్థం కాలేదు. అంటే కాల్ బై వాల్యూ తెలుసు. కాల్ బై నేమ్ దగ్గరే ప్రతిసారి మార్కులు పోతున్నాయి. కాల్ బై రిఫరెన్స్ లాంటిదేగా?

పీపీఎల్ మేడమ్ | సోమవారం, ఉదయం 6:40

కాదమ్మా. అక్కడే అందరూ జారిపడతారు.

రిఫరెన్స్‌లో ఫంక్షన్ మొదలయ్యేటప్పుడే చిరునామా తేల్చేస్తారు. నేమ్‌లో చిరునామా కాదు, నువ్వు రాసిన మాటనే యథాతథంగా లోపల దించేస్తారు. అది ఎదురైన ప్రతిసారీ మళ్లీ కొత్తగా లెక్కకట్టాలి.

రెండు విలువల్ని తారుమారు చేసే ఫంక్షన్ తీసుకో. క అనే వేరియబుల్ విలువ 1. బ అనేది అర్రే, అంటే నంబర్లు వేసిన గళ్ల వరుస, బ[1]లో 3 ఉంది. తారుమారు(క, బ[క]) అని పిలిచావు. లోపల జరిగేది ఇది:

త := క
క := బ[క]
బ[క] := త

మొదటి వరుసతో త అంటే 1. రెండో వరుసతో క కాస్తా 3 అయింది. మూడో వరుసలో బ[క] అంటే ఏది? బ[1] అనుకుంటాం. కానీ క ఇప్పుడు 3 కాబట్టి అది బ[3]. ఆ 1 వెళ్లి బ[3]లో పడింది. బ[1] కదల్లేదు, సంబంధం లేని బ[3] పాడైంది. అదే కాల్ బై రిఫరెన్స్ అయితే బ[1] చిరునామా ముందే తేలిపోయి ఉండేది, తారుమారు సరిగ్గా జరిగేది.

పాస్కల్‌కి ముందు వచ్చిన ఆల్గాల్ 60 భాషలో ఇది ఉండేది. తెలివైనవాళ్లు దీంతో గారడీలు చేశారు, మిగతావాళ్లు తల పట్టుకున్నారు. విర్త్ పాస్కల్‌లో దీన్ని తీసేశారు. విలువ పంపు, లేదా 'వార్' అని రాసి వేరియబుల్‌నే పంపు, అంతే. ఈయన్ని చదివేటప్పుడు ఏం పెట్టారన్నది కాక, ఏం తీసేశారన్నది వెతకాలి.

ప్యాకేజీ పదహారు | సోమవారం, ఉదయం 9:15

మెట్రోలో చదివాను. తారుమారు ఉదాహరణ బాగుంది మేడమ్, ఒప్పుకుంటున్నా.

కానీ తీసేయడం గొప్ప అంటే పాస్కల్‌లో మరీ ఎక్కువే తీసేశారు. సీ భాష పుస్తకం రాసిన కెర్నిగన్ 1981లో పాస్కల్ నాకెందుకు నచ్చదో చెప్తానంటూ ఒక వ్యాసమే రాశాడు. పది గళ్ల అర్రే ఒక టైపు, అంటే ఒక రకం, ఇరవై గళ్ల అర్రే ఇంకో టైపు. రెండింటినీ సార్ట్ చేయడానికి ఒకే ఫంక్షన్ రాయలేవు! మార్కుల జాబితాలో ఇంకో పిల్లాడు చేరితే ఫంక్షన్ మార్చుకోవాలా? లూప్ మధ్యలోంచి బయటికి రావడానికి బ్రేక్ లేదు. ఫంక్షన్ మధ్యలో రిటర్న్ లేదు. చివరికి ఆ హానికరమైన గోటూనే దిక్కు.

పాత ఫ్లాపీ | సోమవారం, ఉదయం 10:02

అర్రే సంగతి నిజమే. మేమూ తిట్టుకున్నాం. వంద గళ్లకు ప్రకటించి పదిహేను వాడేవాళ్లం.

పీపీఎల్ మేడమ్ | సోమవారం, మధ్యాహ్నం 1:10

కెర్నిగన్ చెప్పింది సరైన విమర్శే, నేను క్లాసులోనూ చెప్తాను. అది పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి చేసిన భాష. దాంతో పెద్ద సిస్టమ్స్ కట్టబోయేసరికి గోడలు తగిలాయి. విర్త్ మాడ్యులా-2లో మాడ్యూల్స్ పెట్టారు, సైజు ముందే చెప్పనక్కర్లేని అర్రే పరామీటర్లు పెట్టారు. తన తప్పును సమర్థించుకోవడానికి ఇంకో పేపర్ రాయలేదు, ఇంకో భాష చేశారు.

అన్నట్టు మీరు జావా కదా. మీకు రాత్రిపూట ఫోన్లు తెప్పించే నల్ పాయింటర్ ఎక్సెప్షన్ పుట్టిల్లు ఏదనుకున్నారు? 1965లో విర్త్‌తో కలిసి ఆల్గాల్-డబ్ల్యూ పని చేస్తున్నప్పుడు టోనీ హోర్ అనే శాస్త్రవేత్త నల్ రిఫరెన్స్ పెట్టారు, అంటే దేన్నీ చూపించని ఖాళీ చిరునామా. అమలు చేయడం తేలిక కదా అని పెట్టేశానని, అది తన వంద కోట్ల డాలర్ల తప్పని 2009లో ఆయనే చెప్పుకున్నారు.

ప్యాకేజీ పదహారు | సోమవారం, మధ్యాహ్నం 1:14

వంద కోట్ల డాలర్లలో నా వాటా ఎక్కడ అడగాలి? పోయిన శుక్రవారం రాత్రి నేను పోగొట్టుకున్న నిద్ర కూడా కలపండి.

గో గల్లీ | సోమవారం, సాయంత్రం 7:30

ఆలస్యంగా వచ్చాను. 'ఉద్యోగానికి పనికిరాదు' అన్నచోట మాత్రం ఆగాల్సిందే.

మాదాపూర్‌లో నేను గో భాషలో పని చేస్తున్నాను. గో చేసిన ముగ్గురిలో ఒకరు రాబర్ట్ గ్రీసెమర్, ఈటీహెచ్‌లో చదివినవాడు. గోలో ప్యాకేజీలు, వేరియబుల్ పేరు ముందు రాసి టైపు తర్వాత రాయడం, ఇవన్నీ పాస్కల్, మాడ్యులా, ఒబెరాన్ ఇంటి పోలికలే. కోలన్ పక్కన ఈక్వల్ పెట్టే గుర్తు కూడా ఆల్గాల్ నుంచి పాస్కల్ మీదుగా వచ్చిందే, గోలో పని కొంచెం మారింది. కేవలం ఈక్వల్ గుర్తుతో విలువ ఇవ్వడం ఫోర్‌ట్రాన్ కాలం నాటి చెడ్డ అలవాటని విర్త్ తర్వాత కూడా రాస్తూనే ఉన్నారు. క = క + 1 అని మొదటిసారి చూసిన ఏడో తరగతి పిల్లాణ్ని అడగండి, లెక్కల మాస్టారు కొడతాడని భయపడతాడు.

1983లో వచ్చిన, పాత ఫ్లాపీ గారు చెప్పిన టర్బో పాస్కల్ ఆండర్స్ హేల్స్‌బర్గ్ రాసిన కంపైలరే. ఆయనే తర్వాత డెల్ఫీ చేశాడు, సీ షార్ప్ చేశాడు, 2012లో టైప్‌స్క్రిప్ట్ తెచ్చాడు. తమ్ముడూ, నీ ఫుల్‌స్టాక్ కోర్సులో టైప్‌స్క్రిప్ట్ ఉందా లేదా?

చిక్కడపల్లి చదువరి | సోమవారం, రాత్రి 8:05

ఉంది అన్నా. వచ్చే నెల. కోలన్ పెట్టి టైపు రాస్తారు కదా, పుస్తకంలో అచ్చం అలాగే చూసి 'ఇదెక్కడో చూశానే' అనుకున్నాను. ఏది ముందో ఇప్పుడు తెలిసింది.

మాస్టారి అబ్బాయి | సోమవారం, రాత్రి 9:50

నాకు కోడింగ్ రాదు, మా నాన్నగారు తెలుగు పండితులు. ఈ గొడవ చదువుతుంటే నాకు మాత్రం వ్యావహారిక భాషా వాదం గుర్తొస్తోంది. గిడుగు రామమూర్తి గారు కూడా ఉపాధ్యాయుడే. పిల్లలకు అర్థం కాని గ్రాంథికంలో పాఠాలెందుకని అడిగితే పండితులంతా లేచారు. మీ విర్త్ గారికీ అలాంటి పండితులు తగిలారా?

పీపీఎల్ మేడమ్ | సోమవారం, రాత్రి 10:30

తగిలారండీ! ఆల్గాల్ 60 తర్వాతి భాష ఎలా ఉండాలో తేల్చడానికి ఒక అంతర్జాతీయ కమిటీ కూర్చుంది. ఉన్నదాన్ని కాస్త సరిదిద్ది త్వరగా ఇద్దామని విర్త్, హోర్ ఒక ప్రతిపాదన పెట్టారు. కమిటీ దాన్ని కాదని వాన్ వైన్‌గార్డెన్ అనే ఇంకో సభ్యుడి పెద్ద ప్రణాళిక వైపు వెళ్లింది. అదే ఆల్గాల్ 68. దాన్ని వర్ణించిన వ్యాకరణం ఎంత బిగువంటే, కమిటీ సభ్యుల్లోనే కొందరు మాకు ఇది సమ్మతం కాదని విడిగా రిపోర్టు రాశారు, డైక్‌స్ట్రా, హోర్ ఆ జట్టులోనే ఉన్నారు. విర్త్ అప్పటికే బయటికి వచ్చేశారు. కాదన్న ప్రతిపాదన ఆల్గాల్-డబ్ల్యూ అయింది, అదే దారిలో 1970కి పాస్కల్ వచ్చింది.

ప్యాకేజీ పదహారు | సోమవారం, రాత్రి 10:41

పోలిక అంత అతకలేదు సార్. గిడుగు గారు జనం మాట్లాడే భాషను బడికి తెచ్చారు. ఈయన బడి కోసం చేసిన భాషను జనం మీదికి వదిలారు.

మాస్టారి అబ్బాయి | సోమవారం, రాత్రి 10:55

ఇది నాన్నగారికి చదివి వినిపించాను. 'ఆ అబ్బాయి ఎవరో గానీ తెలుగు మీడియమే' అన్నారు.

పాత ఫ్లాపీ | మంగళవారం, ఉదయం 7:20

ప్యాకేజీ గారు తెలుగు మీడియమో కాదో గానీ, ఒక ప్రశ్న. మీ ఆఫీసు ల్యాప్‌టాప్ ఆన్ చేశాక మొదటి లైను టైపు చేయడానికి ఎంతసేపు?

ప్యాకేజీ పదహారు | మంగళవారం, ఉదయం 9:20

ఆన్ చేసి, బ్యాగు అక్కడ పెట్టి, కిందికెళ్లి టీ తాగి, సిగరెట్ తాగే ఫ్రెండ్‌కి తోడు నిలబడి పైకొస్తాను. అప్పటికి ఎడిటర్ ఇండెక్సింగ్ అవుతూ ఉంటుంది. అవును, తెలుగు మీడియమే. నల్గొండ జిల్లా పరిషత్ హైస్కూల్.

పాత ఫ్లాపీ | మంగళవారం, ఉదయం 9:45

అందుకే అడిగాను. 1995లో విర్త్ సన్నటి సాఫ్ట్‌వేర్ కోసం మొర పెట్టుకుంటూ ఒక వ్యాసం రాశారు. హార్డ్‌వేర్ ఎంత వేగంగా వేగం పుంజుకుంటుందో, సాఫ్ట్‌వేర్ అంతకంటే వేగంగా నెమ్మదిస్తోంది అన్నది అందులోదే. లోకం దాన్ని విర్త్ సూత్రం అంటుంది. ఆయన మాత్రం అది మార్టిన్ రైజర్ అన్న మాట అని చెప్పారు.

రాసి ఊరుకుంటే మామూలు ప్రొఫెసరే. ఈయన ఈటీహెచ్ సహోద్యోగి గుట్‌క్నెక్ట్‌తో కలిసి ఒబెరాన్ అనే భాషా, కంపైలరూ, ఆపరేటింగ్ సిస్టమూ కట్టి, మొత్తం ఒక పుస్తకంలో పట్టేలా వివరించారు. 2013లో, డెబ్బై తొమ్మిదేళ్ల వయసులో, దానికోసం సొంతంగా ఒక చిన్న ప్రాసెసర్ డిజైన్ చేసి మళ్లీ రాశారు. నాకు అరవై దాటితేనే ఓటీపీ వచ్చేలోపు కళ్లజోడు దొరకడం లేదు.

చిక్కడపల్లి చదువరి | గురువారం, రాత్రి 11:30

రెండు రోజులు క్లాసుకు డుమ్మా కొట్టాను, తిట్టకండి. ఐదో అధ్యాయంలో పీఎల్/0 అని ఒక బుల్లి భాషకు మొత్తం కంపైలర్ ఉంది. అంకెలు తప్ప ఇంకో టైపే లేదు. లోపల నడిచే ఊహా యంత్రానికి ఎనిమిదే ఆదేశాలు. పైథాన్‌లో రాస్తున్నాను. వ్యాకరణం రైలు పట్టాల్లాంటి బొమ్మల్లో ఇచ్చారు, ఒక్కో బొమ్మకు ఒక్కో ఫంక్షన్ రాసుకుంటూ పోతే ప్రోగ్రామ్‌ని వ్యాకరణం ప్రకారం విడదీసే పార్సర్ అయిపోయింది. నమ్మలేకపోయాను. కాలేజీలో ఇదే కంపైలర్ సబ్జెక్టులో నాకు బ్యాక్‌లాగ్!

రెండు కష్టాలు వచ్చిపడ్డాయి. ఒకటి, స్టాక్‌లో స్టాటిక్ లింక్, డైనమిక్ లింక్ అని రెండున్నాయి. రెండూ ఒకటేలా పెడితే చిన్న ప్రోగ్రాములు నడుస్తున్నాయి, రికర్షన్ (తనను తానే పిలుచుకోవడం) పెట్టగానే చెత్త విలువలొస్తున్నాయి. రెండు, సరిగ్గా అది వివరించే దగ్గర ఆరు పేజీలు చిరిగిపోయి ఉన్నాయి. ఎనభై రూపాయల రహస్యం అదన్నమాట.

పీపీఎల్ మేడమ్ | శుక్రవారం, ఉదయం 6:15

క్లాసు డుమ్మా కొట్టి కంపైలర్ రాశానంటే ఎలా తిట్టమంటావు నాయనా.

డైనమిక్ లింక్ అంటే నిన్ను ఎవరు పిలిచారు అన్నది. పని అయ్యాక ఎవరి దగ్గరికి తిరిగి వెళ్లాలో తెలియడానికి. స్టాటిక్ లింక్ అంటే నువ్వు ఎవరింట్లో పుట్టావు అన్నది. నీలో లేని వేరియబుల్ కావాలంటే ఎవరి అల్మరా తెరవాలో తెలియడానికి. పెళ్లికి ఎవరో పిలిస్తే వెళ్తాం. భోజనం అయ్యాక పిలిచినవాళ్లకు చెప్పి వస్తాం. అంతమాత్రాన మన ఇంటిపేరు మారదు కదా.

ప్రొసీజర్ 'అ' లోపల ప్రొసీజర్ 'ఆ' పుట్టిందనుకో. 'ఆ' తనను తానే ఐదుసార్లు పిలుచుకుంది. ఐదో 'ఆ'కి 'అ'లో ఉన్న వేరియబుల్ కావాలి. డైనమిక్ లింక్‌లో ఒక్క మెట్టు ఎక్కితే నాలుగో 'ఆ' తగులుతుంది, అక్కడ ఉన్నదాన్ని చదివితే అది చెత్తే. స్టాటిక్ లింక్‌లో ఐదుగురికీ ఒకటే సమాధానం, 'అ'. ఒకే మెట్టు.

రికర్షన్ లేనప్పుడు, 'ఆ'ను 'అ' ఒక్కటే పిలిచి ఉంటుంది కాబట్టి పిలిచినదీ పుట్టినిల్లూ ఒకటే. అందుకే నీ చిన్న ప్రోగ్రాములు నడిచాయి.

గేట్ గోల | శుక్రవారం, ఉదయం 6:50

మేడమ్, ఇంటిపేరు ముక్క నోట్సులో రాసేసుకున్నాను.

ప్యాకేజీ పదహారు | శుక్రవారం, రాత్రి 11:58

ఎవరికీ చెప్పొద్దనుకున్నాను. బుధవారం నుంచి నేనూ రాస్తున్నా, జావాలో. తమ్ముడి దగ్గర లేని ఆరు పేజీలు నా దగ్గరా లేవు కాబట్టి నాదీ అదే బగ్. మేడమ్ పోస్టు చదివి ఇప్పుడే సరిచేశాను. ఫ్యాక్టోరియల్ నడిచింది. మా ఆవిడ వచ్చి 'ఈ టైములో ప్రొడక్షన్ ఇష్యూనా' అంది. కాదు, 5కి 120 వచ్చింది చూడు అన్నాను. లైటు ఆర్పేసి వెళ్లిపోయింది.

పాత ఫ్లాపీ | శనివారం, ఉదయం 6:30

చదువరీ, నా దగ్గర అదే పుస్తకం ఉంది, అన్ని పేజీలతో. ఫోన్లో ఫోటోలు తీయడం నాకు చేతకాదు. రేపు ఆదివారం తొమ్మిదింటికి ఆబిడ్స్‌కి వస్తాను, జీపీఓ ఎదురుగా నిలబడతాను. చేతిలో పసుపు సంచీ. పుస్తకం ఇస్తాను, నెలలో తిరిగివ్వాలి. నీ కాపీ కూడా తీసుకురా, ఆ కట్నం రాతగాడి చేతిరాత ఒకసారి చూడాలి. మా బ్యాచ్‌లో ఒకడి మీద అనుమానం ఉంది.

ప్యాకేజీ పదహారు | శనివారం, ఉదయం 8:10

తొమ్మిదింటికి నేనూ వస్తున్నా. ఇంకో కాపీ దొరికితే నాది. వందకి పైన ఇవ్వను.